పొగమంచు దోషమా, గుణమా?

(అలంకారశాస్త్రం బోధించిన మా మాస్టారి స్మృత్యర్థం శిష్యులు ఏటా జరుపుకునే సభలో చేసిన ఉపన్యాసానికి అచ్చు పాఠం)



ఈ వేదిక మీద నాకంటే ముందు మాట్లాడినవాళ్లు ప్రబంధాల గురించి, వ్యాకరణం గురించి, ఒకరిద్దరు నాటకం గురించి మాట్లాడారు. వీడియో గేముల గురించి మాట్లాడతానని నేనంటే నిర్వాహకులు ఫోనులో కాసేపు మౌనం వహించి, "మాస్టారికీ దానికీ ఏమైనా సంబంధం ఉందా?" అని అడిగారు. ఉంది. ఆయన దగ్గర కావ్యప్రకాశం చదువుకున్న నేను పొట్టకూటికి హైదరాబాదులో గేములు పరీక్షించే ఉద్యోగంలో చేరాను. కొన్నాళ్లు సమీక్షలూ రాశాను. పొద్దస్తమానం తప్పులు వెతకడమే పనైనవాడికి, ఆయన చెప్పిన దోషప్రకరణం పనికొచ్చినంతగా ఏ ట్రైనింగూ పనికిరాలేదు.

గేము బాగుంది, బాగాలేదు అని తీర్పులు చెప్పే పద్ధతి ఒకటి లోకంలో స్థిరపడిపోయింది. గ్రాఫిక్స్‌కి ఇన్ని, సౌండ్‌కి ఇన్ని, కంట్రోల్స్‌కి ఇన్ని, కథకు ఇన్ని అని మార్కులు వేసి, చివర కూడిక వేయడం. జపాన్‌లో ఫామిట్సు అనే పత్రిక ఉంది. ఒక్కో గేమును నలుగురు ఆడి, ఒక్కొక్కరూ పదికి మార్కులు వేస్తారు. మొత్తం నలభై. 1998లో 'ద లెజెండ్ ఆఫ్ జెల్డా: ఒకరినా ఆఫ్ టైమ్' మొట్టమొదటిసారి నలభైకి నలభై కొట్టింది. మన సినిమా సమీక్షల్లో రెండున్నరకీ రెండు ముప్పావుకీ మధ్య జరిగే బేరసారాలు చూసినవాళ్లకు ఈ వ్యవహారం కొత్తగా ఉండదు.

2001లో మెటాక్రిటిక్ వచ్చి పత్రికల మార్కులన్నిటికీ సగటు కట్టడం మొదలుపెట్టింది. ఆ సగటు పాఠకుల దగ్గరే ఆగిపోలేదు, కంపెనీల ఒప్పందాల్లోకి ఎక్కింది. 2010లో ఆబ్సీడియన్ అనే స్టూడియో 'ఫాలౌట్: న్యూ వేగస్' చేసింది. సగటు 85 వస్తే బోనస్ అని ప్రచురణకర్తతో ఒప్పందం. 84 వచ్చింది. బోనస్ రాలేదని ఆ స్టూడియో వ్యవస్థాపకుల్లో ఒకరైన క్రిస్ అవలోన్ 2012లో బయటపెట్టాడు. ఆనాటి సమీక్షలు తీసి చూడండి: రచన గొప్పది, బగ్గులు భరించలేం, ఈ రెండూ దాదాపు అందరూ చెప్పారు. రెండూ నిజమే. ఒకదాన్ని ఇంకొకదాంట్లోంచి తీసివేస్తే 84 వస్తుందని ఏ శాస్త్రం చెప్పిందో నాకు తెలియదు. ఈనాడు ఆ గేమును తలచుకునేవాళ్లు రచన కోసమే తలచుకుంటున్నారు. బగ్గుల్ని చాలావరకు అభిమానులే కూర్చుని బాగుచేసుకున్నారు.

మన శాస్త్రంలో ఈ పేచీ పాతది. కావ్యమంటే దోషాలు లేనిదై ఉండాలని మమ్మటుడు లక్షణం చెప్పాడు. అలాగైతే లోకంలో కావ్యాలే మిగలవు, పురుగు తొలిచినంత మాత్రాన రత్నం రత్నం కాకుండా పోతుందా అని విశ్వనాథుడు ఎదురు తిరిగాడు. వీళ్లిద్దరికంటే ముందే ఆనందవర్ధనుడు ఇంకా లోతైన మాట చెప్పి ఉన్నాడు. శ్రుతికటువు వంటి దోషాలు అనిత్యాలని ఆయన మతం. చెవికి గుచ్చుకునే అక్షరాలు శృంగారంలో దోషం. రౌద్రంలో అవే అక్షరాలు పద్యానికి బలం. దోషమా గుణమా అన్నది అక్షరాన్ని చూసి తేలదు, ప్రధానంగా పోషించే రసాన్ని చూస్తే తేలుతుంది. చ్యుతసంస్కారం, అంటే వ్యాకరణం తప్పడం, మాత్రం నిత్యదోషం. ఏ రసమూ దాన్ని కాపాడలేదు. ఈ విభాగం చెప్పేటప్పుడు మాస్టారు, "దోషం పట్టుకోవడం కాపీ దిద్దేవాడు కూడా చేస్తాడోయ్, అది ఎవరికి దోషమో చెప్పు" అనేవారు. గేముల మీద తీర్పులు చాలామటుకు ఈ ప్రశ్న దగ్గరే తప్పుతున్నాయని నా వాదం.

1999లో కొనామి సంస్థ 'సైలెంట్ హిల్' తెచ్చింది. తప్పిపోయిన కూతురి కోసం ఒక తండ్రి మనిషి జాడలేని ఊళ్లో తిరుగుతుంటాడు. అప్పటి ప్లేస్టేషన్‌కి ఊరంతటినీ దూరందాకా గీసి చూపించే శక్తి లేదు. ఆ లోటు కనబడకుండా ఊరి మీద పొగమంచు దించేశారు. మార్కుల లెక్కలో ఇది గ్రాఫిక్స్ లోపం. కానీ ఆ ఆటలో భయమంతా ఆ మంచులోనే ఉంది. జేబులో రేడియో గరగరలాడుతుంది. ఏదో దగ్గరికొస్తోందని తెలుస్తుంది, ఎటునుంచో తెలియదు. 2012లో ఆ వరసలోని రెండు, మూడు భాగాలకు మెరుగులు దిద్ది కొత్త యంత్రాల కోసం మళ్లీ విడుదల చేశారు. అసలు కోడ్ తుదిప్రతి దాచుకోకపోవడంతో పని అస్తవ్యస్తమైంది. రెండో భాగంలో మంచు పలచబడి, గీయకుండా వదిలేసిన నేల అంచులు బయటపడ్డాయి. బొమ్మ స్పష్టత పెరిగింది, భయం పోయింది.

ఇంకా వెనక్కి వెళ్తే 1978లో తొమోహిరో నిషికాదో చేసిన 'స్పేస్ ఇన్వేడర్స్' ఉంది. తెర మీద యాభై అయిదు గ్రహాంతర జీవులు. అన్నిటినీ గీసేసరికి ఆ రోజుల ప్రాసెసర్‌కి తాతలు దిగివచ్చేవారు. కాల్చేకొద్దీ గీయాల్సినవి తగ్గి, మిగిలినవి వడివడిగా కదిలేవి. యంత్రం బలహీనత అది. నిషికాదో సరిచేయకుండా ఉంచేశాడు. గెలుపు దగ్గరపడేకొద్దీ కష్టం పెరగాలన్న సూత్రం ఈ పరిశ్రమకు అలా దక్కింది.

ఇవి అవసరం కొద్దీ గుణాలైన దోషాలు. కావాలని ఎంచుకున్నదాన్ని కూడా విమర్శకులు దోషమనుకున్న సందర్భం ఒకటుంది, దాని దగ్గర కాసేపు ఆగుతాను. 2005లో ఫుమితో ఉయెదా నాయకత్వంలో 'షాడో ఆఫ్ ద కొలోసస్' వచ్చింది. వాండర్ అనే కుర్రాడు చనిపోయిన అమ్మాయిని గుర్రం మీద తెచ్చి ఒక పాత గుడిలో పడుకోబెడతాడు. ఈ దేశంలో ఉన్న పదహారు మహాకాయాలను కూలిస్తే ఆమె బతకవచ్చని ఒక అశరీరవాణి అంటుంది. కథ అంతే. వేరే శత్రువులు లేరు, దుకాణాలు లేవు, పలకరించే మనిషి లేడు. కత్తిని ఎండలోకి ఎత్తితే వెలుగు ఒక దిక్కు చూపిస్తుంది, అటు గుర్రం తోలుకుంటూ పోవాలి.

మొదటి మహాకాయం వెనక్కి చేరి, కాలి పిక్క మీది బొచ్చు పట్టుకుని ఎక్కాలి. ఆర్1 బటన్ నొక్కి ఉంచినంతసేపే పట్టు. తెర మూల ఒక గుండ్రటి గుర్తు కుంచించుకుపోతుంటుంది, అది అయిపోయిందంటే చేయి జారినట్టే. పిక్కలో పొడిస్తే అది మోకాలి మీద కూలబడుతుంది. అప్పుడు వీపు మీదికి పాకి, కాలు నిలిచే చోట కాసేపు ఊపిరి పీల్చుకుని, తల దాకా చేరాలి. అది తల విదిలిస్తుంది. కుర్రాడు ఆరేసిన చొక్కాలా గాల్లో ఊగిపోతాడు. అంతసేపూ మన చూపుడువేలు ఆ బటన్ మీద బిగుసుకుని ఉంటుంది. వదిలితే పడేది తెర మీది బొమ్మే అని తెలిసినా వేలు నొప్పెడుతుంది. చివరికి పొడిచి కూల్చేశాక విజయభేరి మోగదు. ఏడుపులాంటి సంగీతం వస్తుంది. ఆ శరీరంలోంచి నల్లటి పోగులు బయల్దేరి కుర్రాడి ఒంట్లోకి దూరతాయి. ఒక్కోటీ కూలేకొద్దీ వాడి ముఖంలో కళ తప్పుతుంది.

అప్పటి సమీక్షల్లో మెచ్చుకోళ్లతోపాటు మూడు ఫిర్యాదులు పదేపదే కనిపిస్తాయి. గుర్రం చెప్పినట్టు వినదు, కెమెరా చూడాల్సిన చోట చూడనివ్వదు, పెద్ద కాయం మీదికి వచ్చినప్పుడు బొమ్మ నత్తనడక నడుస్తుంది. మూడింటికీ ఒకేలా మార్కులు కోశారు. నేను మూడింటినీ ఒక గాటన కట్టను. ఈ ఆటకు అంగిరసం కరుణమని, వీరం దానికి అంగమని నా అభిప్రాయం. గుర్రానికి సొంత బుద్ధి ఉండబట్టే, ఒంటరి దేశంలో వాడికి తోడు ఒకటుందని మనకు అనిపిస్తుంది. మీట నొక్కితే తిరిగే గుర్రమైతే అది బండి. కనుక అది గుణం. బొమ్మ తడబడటం పీఎస్2 చేతకానితనం, కరుణానికి అది చేసిన ఉపకారం ఏమీ లేదు. కెమెరాకు కూడా నేను వకాల్తా పుచ్చుకోను. 2018లో బ్లూపాయింట్ స్టూడియో దీన్ని పీఎస్4కు మళ్లీ కట్టినప్పుడు తడబాటు తీసేశారు, బొమ్మలు కొత్తగా గీశారు, బటన్ల అమరిక మార్చుకునే వీలు కల్పించారు. గుర్రం స్వభావాన్ని చాలావరకు అలాగే ఉంచారు. ఏది నిత్యమో ఏది అనిత్యమో విమర్శకులకంటే ఆ ఇంజనీర్లకే బాగా తెలిసింది.

విసుగు సంగతీ ఇంతే. ఆట విసుగు పుట్టించిందంటే అంతకు మించిన నింద లేదు. లూకస్ పోప్ 2013లో చేసిన 'పేపర్స్, ప్లీజ్' మొత్తం విసుగు మీదే నిలబడింది. మీరు ఒక కల్పిత నియంతృత్వ దేశం సరిహద్దులో పాస్‌పోర్టులు చూసే గుమాస్తా. తేదీ, ముద్ర, ఫొటో, ఊరి పేరు సరిచూసి స్టాంపు కొట్టాలి. ఎంతమందిని సరిగ్గా పంపితే అంత కూలి. రాత్రి అద్దె, తిండి, చలిమంట ఖర్చు, మందులు లెక్క చూసుకోవాలి. ఒకరోజు ఒకాయన వస్తాడు, కాగితాలన్నీ సవ్యంగా ఉంటాయి. వెనకాల నా భార్య వస్తోంది, దయచూడండి అంటాడు. ఆమెకు ప్రవేశానుమతి పత్రం లేదు. పంపితే మీకు చీటీ పడుతుంది, అది పెరిగితే కూలి కోత. ఆ క్షణంలో మనం ఆమె ముఖం చూడటం మానేసి, ఇవాళ్టికి ఎన్ని చీటీలు పడ్డాయో లెక్క చూసుకుంటాం. గంటసేపు స్టాంపులు కొట్టి కొట్టి మొద్దుబారకపోతే ఆ లెక్క మనకు తట్టేది కాదు. కార్యాలయాల్లో పనిచేసినవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు, నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

దోషాలన్నీ ఇలా గుణాలైపోతాయంటే మాస్టారు ఊరుకోరు. 2020 డిసెంబరు 10న 'సైబర్‌పంక్ 2077' విడుదలైంది. ముందుగా సమీక్షకులకు పీసీ ప్రతి మాత్రమే ఇచ్చారు. తొలి మార్కులు తొంభై చుట్టుపక్కల పడ్డాయి. అప్పటికి జనం ఇళ్లలో ఉన్న పాత ప్లేస్టేషన్‌లో, ఎక్స్‌బాక్స్‌లో వేసి చూస్తే మనుషుల ముఖాలు సగం గీసి ఆగిపోతున్నాయి, ఆట ఉన్నట్టుండి మూతపడుతోంది. వారం రోజులకే సోనీ దాన్ని తన దుకాణంలోంచి తీసేసి డబ్బు వాపసిస్తామంది. ఇది చ్యుతసంస్కారం. దీనికి రసం పేరు చెప్పి మాఫీ లేదు. తర్వాత మరమ్మతులు జరిగి, 2023లో 2.0 కూర్పు వచ్చేసరికి అది వేరే గేమంత మెరుగైంది. మరి ఆ మొదటి తొంభై దేనికి వేసినట్టు? అచ్చయిన కావ్యం మారదు, గేము మారుతుంది. తీర్పు కింద తేదీ, ఏ యంత్రం మీద ఆడామన్న వివరం రాయకపోతే అది చెల్లని దస్తావేజు.

టెస్టర్లుగా మేం నింపే ఫారంలో అన్నీ ఈ వ్యాకరణ దోషాలే. బిల్డ్ నంబరు, తీవ్రత, మళ్లీ ఎలా రప్పించాలి, జతచేసిన వీడియో. క్రాష్ అయితే తీవ్రత ఒకటి, గోడలోంచి చేయి బయటికొస్తే మూడు. ఈ ఘట్టంలో మనసు కదలాల్సింది, కదల్లేదు అని రాయడానికి గడి లేదు. నేను పనిచేసిన ఒకచోట అలాంటిది ఒకటి వివరంగా రాసి పంపితే, "బగ్ కాదు" అని ముద్ర కొట్టి వెనక్కి పంపారు. కాదు నిజమే. అది టెస్టర్ పని కూడా కాదు, విమర్శకుడి పని. ఫారం నింపినట్టు సమీక్షలు రాసే మిత్రులు ఈ తేడా గుర్తించాలి.

ఇంకో రకం దోషం ఉంది, ఇందులో ముక్కలన్నీ బాగానే ఉంటాయి, కూర్పు చెడుతుంది. క్షేమేంద్రుడైతే ఔచిత్యభంగం అనేవాడు. 2007లో వచ్చిన 'బయోషాక్' స్వార్థమే పరమధర్మమని నమ్మి, సముద్రగర్భంలో కట్టుకున్న నగరం స్వార్థంతోనే కూలిపోయిన కథ. అందులో చిన్నపిల్లలు ఆడమ్ అనే ద్రవ్యాన్ని మోస్తుంటారు. పిల్లను చంపితే మీకు 160 పాళ్లు, కాపాడితే 80. చూడగానే గొప్ప ధర్మసంకటం. కానీ ముగ్గురిని కాపాడితే బహుమానంగా ఇంకో 200 వస్తాయి. అంటే చంపినవాడికి 480, దయ చూపినవాడికి 440. ఆ నలభై తేడాలో త్యాగం ఏముంది? అదే ఏడాది క్లింట్ హాకింగ్ అనే గేము రూపకర్త, ఈ ఆటలో నియమాలు చెప్పేదీ కథ చెప్పేదీ ఒకదానికొకటి ఎదురు తిరుగుతున్నాయని పెద్ద వ్యాసం రాశాడు. గేము విమర్శలో అంత ప్రభావం చూపిన రచనలు తక్కువ. గ్రాఫిక్స్, సంభాషణలు, నటన ఒక్కోటీ పదికి తొమ్మిది తెచ్చుకునే గేములో, మార్కులకు అందని చోట ఉన్న పగులును ఆయన చూపించాడు. తానే గేములు కట్టేవాడు కాబట్టి చూడగలిగాడేమో.

ఆడకుండా తీర్పు చెప్పడం గురించి కూడా రెండు ముక్కలు. అమెరికాలో పేరుమోసిన సినిమా విమర్శకుడు రోజర్ ఈబర్ట్ 2010 ఏప్రిల్‌లో వీడియో గేములు ఎన్నటికీ కళ కాలేవని రాశాడు. గెలవడానికి వీలున్నది, నియమాలూ పాయింట్లూ లక్ష్యమూ ఉన్నది ఆటే గాని కళ కాదని ఆయన వాదన. వేలకొద్దీ జవాబులు వచ్చిపడ్డాయి. జులైలో మళ్లీ రాస్తూ అభిప్రాయం మార్చుకోలేదు గాని, ఆడకుండా ఆ సంగతి ఎత్తి ఉండకూడదని ఒప్పుకున్నాడు. ఆయన వేసిన ప్రశ్న చిన్నదని నేననను. కానీ ఆర్1 బటన్ మీద వేలు నొప్పెట్టడం వీడియో చూస్తే తెలిసేది కాదు. మన గుళ్ల మండపాల్లో బండల మీద పులిజూదం గీతలు చూసే ఉంటారు. మూడు పులులు, పదిహేను మేకలు. గీత చూసి చెప్పమంటే ఎవరైనా ఇది అన్యాయమనే అంటారు. మేకల పక్షాన కూర్చుని నాలుగెత్తులు వేస్తే గాని ఆ అసమానతలోనే ఆట ఉందని తెలియదు. 2011లో అమెరికా సుప్రీంకోర్టు వీడియో గేములకు భావప్రకటన స్వేచ్ఛ వర్తిస్తుందంది. 2012లో న్యూయార్క్‌లోని మోమా మ్యూజియం 'ప్యాక్‌మ్యాన్', 'టెట్రిస్' సహా పద్నాలుగు గేములను తన సేకరణలో చేర్చుకుంది. సంతోషం. అయితే గుణదోష విచారణ కోర్టూ చేయదు, మ్యూజియమూ చేయదు.

తెలుగులో మనం ఆ విచారణ మొదలే పెట్టలేదు. మన పత్రికల్లో గేముల వార్త వచ్చేది నేరాల పేజీలోనో ఆరోగ్యం పేజీలోనో. పబ్‌జీ మొబైల్‌ను కేంద్రం 2020 సెప్టెంబరులో నిషేధించింది, డేటా భద్రత కారణంగా. 2021లో బీజీఎంఐగా అది తిరిగొచ్చింది, 2022లో మళ్లీ పోయింది, 2023లో మళ్లీ వచ్చింది. ఊరూరా కుర్రాళ్లు ఆడిన ఆ ఆట ఎలా కట్టారు, వలయం కుదించుకుపోయేకొద్దీ ఉద్వేగం ఎలా పెరుగుతుంది, తుపాకుల రంగులు అమ్మడానికి ఏ ఎరలు వేశారు అని విడదీసి చెప్పిన తెలుగు వ్యాసం నా కంటపడలేదు. ఇది నష్టమే. గుణం వేషం వేసుకున్న దోషాన్ని పట్టుకోవడం విమర్శకుడి పనే గనక. 2017లో 'స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2' లో డబ్బు పెట్టి తెరిచే అదృష్టపు పెట్టెల మీద ఆటగాళ్లు గగ్గోలు పెడితే, విడుదలకు ముందురోజు ఆ కొనుగోళ్లు ఆపేయాల్సి వచ్చింది. మరుసటేడు బెల్జియం నియంత్రణ సంస్థ అలాంటి పెట్టెలు జూదమేనని తేల్చింది. పెట్టె తెరుచుకునేటప్పటి వెలుగు, చప్పుడు, క్షణం ఆలస్యం గొప్ప పనితనంతో చేసినవి, ఎవరైనా పదికి పది వేస్తారు. ఏ రసానికి ఇవి అంగాలని అడిగితే మాత్రం జవాబు ఉండదు. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ, ఈ-స్పోర్ట్స్‌ను వాటినుంచి వేరు చేస్తూ చట్టం చేసింది. చట్టం డబ్బు దగ్గర గీత గీయగలదు. ఆటలోపల గీయాల్సిన గీతలు ఎవరో ఆడి గీయాలి.

చివరగా మన దేశపు ఉదాహరణ ఒకటి. పుణెకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ 2020లో 'రాజీ: ఏన్ ఏన్షియంట్ ఎపిక్' తెచ్చింది. చందాల కోసం వాళ్లు పెట్టిన కిక్‌స్టార్టర్ విఫలమైనా పట్టు వదలకుండా పూర్తి చేశారు. సర్కస్ పిల్ల రాజీ, అసురులు ఎత్తుకుపోయిన తమ్ముడి కోసం బయల్దేరుతుంది. దుర్గ, విష్ణువు కథ చెబుతుంటారు. మధ్య మధ్య కథాభాగాలు తోలుబొమ్మల నీడల్లో సాగుతాయి, తెలుగువాళ్లకు అవి పరాయివి అనిపించవు. రాజస్థాన్ కోటలు, గోడల మీది చిత్రాలు చూస్తూ నిలబడిపోతాం. ఇది వచ్చినప్పుడు మనవాళ్లలో చాలామంది మొహమాటపడ్డారు, మనవాళ్లు చేసింది కదా అని. 1914లో కవిత్వతత్త్వవిచారంలో రామలింగారెడ్డిగారు సూరనను మెచ్చుకుంటూనే తప్పెన్నిన భాషలో ఆ మొహమాటం అనవసరం.

నా తీర్పు ఇది. సర్కస్ పిల్ల కాబట్టి రాజీ స్తంభం చుట్టూ గిరుక్కున తిరిగి, గోడ మీదికి పరుగెత్తి అసురుల్ని కొడుతుంది. పాత్రకూ పోరాటానికీ అతికిన గొప్ప ఔచిత్యం అది. పోరాటంలో దెబ్బ ఆలస్యంగా తగలడం మాత్రం దోషమే, ఎందుకంటే ఆమెది బరువు కాదు, చురుకు. వాండర్ గుర్రానికి చెప్పిన సమర్థన ఇక్కడికి పనికిరాదు. కెమెరా మన చేతిలో ఉండదు, అంచు ఎక్కడుందో తెలియక పడిపోతాం. కోటను అందంగా చూపించడానికి పెట్టిన కెమెరా దూకడానికి అడ్డొస్తోంది, అంటే రెండు గుణాలు కొట్టుకుంటున్నాయి. ముగింపు అర్ధాంతరంగా తెగిపోయింది. అంత అక్కరతో తమ్ముణ్ణి వెతికించి, కలయికను ఆ తీరున వదిలేయడం ఏ రసానికీ మేలు చేయలేదు. 2022లో మెరుగుపరిచిన కూర్పు వచ్చింది, ఆడాను, పోరాటం కాస్త కుదుటపడింది. ముగింపు మీద నా ఫిర్యాదు అలాగే ఉంది. మార్కులు వేయమని అడగకండి. ప్రశ్నలుంటే అడగండి, కూర్చుంటాను.